కొంగలు దిగిన ఇంట్లో కుక్కరు కూయదు

పోయిన వర్షాకాలంలో ఒక ఆదివారం గుణదలలో చుట్టాలింటికి ప్రార్థనకు వెళ్ళి, పటమటలో మా ఇంటికి తిరిగి వస్తూ, రోడ్డు పక్కనున్న పెద్ద నిద్రగన్నేరు చెట్టు కింద స్కూటీ ఆపేశాను. నన్ను ఆపింది ఒక వాసన. వాసన అంటే ఏ పూలదో, తొలకరి మట్టిదో అనుకునేరు, కాదు. పచ్చి కంపు. చేప పొలుసులూ, తడిసిన ఈకలూ, పాత సున్నం, కుళ్ళిన నాచూ కలిపి ఎండలో మూతపెట్టి ఉంచితే ఎలా ఉంటుందో అలాంటి కంపు. తలెత్తి చూస్తే కొమ్మల్లో నాలుగైదు తెల్లకొంగల గూళ్ళు ఉన్నాయి, కింద తారురోడ్డంతా రెట్టలతో తెల్లబడి ఉంది. దారినపోయే వాళ్ళందరూ ముక్కులు మూసుకుని అడుగు వేగం పెంచుతుంటే నేను హెల్మెట్ తీసి గుండెల నిండా పీల్చుకుంటూ నిలబడ్డాను. పక్కనే కొబ్బరిబోండాల బండి దగ్గరున్న ఆవిడ కంగారుపడి, "ఏంటండీ, కళ్ళు తిరుగుతున్నయ్యా? ఈ కంపుకి అందరికీ అంతేనండీ. మున్సిపాలిటీ వాళ్ళకి చెప్పాం, కొమ్మలు కొట్టేస్తామన్నారు" అంటూ బోండాం కొట్టి చేతిలో పెట్టింది. "వద్దని చెప్పండమ్మా, పాపం పిల్లలున్నాయి" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి ఇంకో బేరం చూసుకోవడంలో పడింది.

ఆవిడకేం తెలుసు, ఆ కంపులోనే నా బాల్యమంతా ఉందని! కొందరికి అమ్మమ్మ ఇల్లంటే నెయ్యి కాచిన వాసన, కొందరికి సాంబ్రాణి. నాకు మాత్రం మా రూతమ్మ అత్తయ్య తోట అంటే కొంగల రెట్టల కంపే. దసరా సెలవులకు బస్సు దిగి కాలవగట్టు మీద నడుస్తూంటే, ఇల్లు కనపడటానికి చాలా ముందే ఆ కంపు ఎదురొచ్చేది. నాన్న సంచి కింద పెట్టి, ముక్కెగరేసి, "హమ్మయ్య, వచ్చినయ్యే!" అనేవాడు. మా అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "మీ అక్కయ్యగారికి మనుషుల కంటే కొంగలే ఎక్కువ, ఆవిడ తమ్ముడు కదా మీరూ అంతే" అని గొణిగేది. నేనూ అన్నయ్యా అప్పటికే పరుగు మొదలుపెట్టేవాళ్ళం.

ఆ తోట గుడివాడ దాటి కైకలూరు వైపు పోయే దారిలో, ఒక చిన్న ఊరి చివర ఉండేది. మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసిన మా తాతయ్య, ఎవరూ వద్దన్న పల్లపు నేల ముప్పై ఎకరాల పైచిలుకు కొన్నాడట. ఊళ్ళో అందరూ 'పంతులుగారికి చదువుంది గాని బుర్ర లేదు' అని నవ్వుకున్నారట. సగం వరి, కొంత కొబ్బరి, గట్ల మీద మామిడి, నిమ్మ. ఈశాన్యం మూల మాత్రం ఏ పంటా నిలవని లోతట్టు నేల. దాన్ని మడుగు అనేవాళ్ళం. వానాకాలంలో కాలవ నీళ్ళూ వాన నీళ్ళూ అందులోకి చేరి తుంగ, తామర, జమ్ము పెరిగేవి. దాని నిండా నీళ్ళలోనే నిలబడి పాతకాలపు నల్లతుమ్మ చెట్లు ఉండేవి. మొదటి వానలు పడగానే ఎక్కడినుంచో నత్తగొట్టు కొంగలు వచ్చి ఆ తుమ్మల మీద దిగేవి. బూడిద కలిసిన తెలుపు, రెక్కల అంచున నలుపు. ముక్కు రెండు దవడలూ మధ్యలో కలవకుండా సందు ఉంటుంది, పట్టకారులాగా. దానితో నత్తను పట్టి గుల్లలోంచి మాంసం లాగేసేవి. తాతయ్య పోయాక, పెళ్ళి మాట ఎత్తనివ్వని మా అత్తయ్య ఆ తోటను చేతిలోకి తీసుకుంది. వరి, కొబ్బరి ఎంత బాగా చూసుకునేదో, ఏమీ ఇవ్వని ఆ మడుగును అంతకు పదింతలు చూసుకునేది.

అత్తయ్య పొడుగాటి మనిషి, గట్టి గొంతు. నీలం అంచు తెల్లచీర మోకాళ్ళ దాకా ఎగదోపి, కాళ్ళకు బురదతో, చేతిలో వెదురుకర్రతో గట్ల మీద తిరుగుతుంటే ఆవిడే ఒక కొంగలా ఉండేదని మేము చాటుగా నవ్వుకునేవాళ్ళం. ఆవిడ తోటలో చట్టాలు వేరు. వరి కోతల్లో మడుగు వైపు మడిలో ఒక చెక్క కోయకుండా పిట్టలకు వదిలెయ్యాలి. తల విరిగిన మొండి తాడిని నరకకూడదు, దాని తొర్రలో చిలకలుంటాయి. ముళ్ళ కంచెను కత్తిరించి నున్నగా చెయ్యకూడదు, దాని అడుగున పూరేడు పిట్టలు గుడ్లు పెడతాయి. పిట్టల్ని కొట్టే పంగలకర్ర చేతిలో కనబడితే పొయ్యిలోకే. పూరేళ్ళకు వలలు పెట్టడానికి ఎవరైనా వస్తే తిట్టేది కాదు. అరుగు మీద కూర్చోబెట్టి, టీ ఇచ్చి, యోగక్షేమాలన్నీ అడిగి, "ఇయ్యి నా పిల్లలు నాయనా, నా పిల్లల్ని పట్టుకుపోతావా?" అనేది. టీ తాగిన నోటితో ఏమనగలరు, వలలు చుట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

అన్నిటికంటే పెద్ద చట్టం చప్పుడు గురించి. కొంగలు దిగిన రోజునుంచి అవి పిల్లలతో ఎగిరిపోయే సంక్రాంతి దాకా ఆ తోటలో గట్టిగా చప్పుడు కాకూడదు. మైకు లేదు, బ్యాండు లేదు, టపాకాయలు లేవు. బెజవాడలో మా వీధి పిల్లలు దీపావళికి నెల ముందునుంచే తుపాకీ బిళ్ళలు పేలుస్తుంటే, క్రిస్మస్‌కి మా చర్చి పిల్లలు సీమటపాకాయల జడలు అంటిస్తుంటే, మేము పండగ పూట ఈ తోటలో కూర్చుని కాకరపువ్వొత్తులు కాల్చుకునేవాళ్ళం. ఒక క్రిస్మస్‌కి అన్నయ్య ఏడ్చి గోల చేస్తే నాన్న లక్ష్మీబాంబుల పెట్టె సంచి అడుగున దాచి తెచ్చాడు. అత్తయ్యకు ఎలా తెలిసిందో, సంచి విప్పకముందే చెయ్యి పెట్టి తీసింది.

"ఒరేయ్ అబ్బాయ్, నీ పిల్లలకి చప్పుడు కావాలంటే బెజవాడలో చేసుకోండి. ఇక్కడ బాలింతలున్నారు."

బాలింతలున్న ఇల్లు అంది. నిజంగానే ఆ ఇల్లు అలాగే ఉండేది. తలుపులు ధడాలున వేసేవాళ్ళం కాదు, బావి గిలకకు ఆముదం రాసేవాళ్ళు, కొబ్బరికాయలు తాడు కట్టి దించేవాళ్ళు. ఇక కుక్కరు సంగతి చెప్పాలి. నాన్న మోజుపడి వన్‌టౌన్‌లో పెద్ద ప్రెషర్ కుక్కరు కొని అక్కకు తీసుకొచ్చాడు. వంటింటి కిటికీ మడుగు వైపే. అత్తయ్య కందిపప్పు పెట్టింది. మొదటి కూత వెయ్యగానే తుమ్మల మీదున్న కొంగలన్నీ ఒక్కసారి బుర్రున లేచాయి. ఆకాశం నల్లబడింది. ఆ గాభరాలో ఒక గూట్లోంచి పిల్ల జారి నీళ్ళలో పడింది. అత్తయ్య పొయ్యి ఆర్పి, విజిలు ఊడబీకి, వంటింటి తలుపు పక్కన క్యాలెండరు మేకుకు దారంతో తగిలించింది. "సంక్రాంతి దాకా దీన్నెవరూ ముట్టుకోవద్దు" అంది. విజిలు లేని కుక్కరుకు, సత్తుగిన్నెకు తేడా ఏముంది? అప్పటినుంచి ఏటా అదే పద్ధతి. కొంగలు రాగానే విజిలు మేకు ఎక్కేది, కొంగలు పోయాక దిగేది. కొంగలున్నన్నాళ్ళూ పప్పు మట్టికుండలో బుడబుడా ఉడుకుతూ ఉండేది, మధ్యాహ్నం ఒంటిగంట దాటితే గాని అన్నం దొరికేది కాదు. ఆకలికి ఆగలేక మేము గోంగూర కాడలు నములుతూ, ఉప్పుతో నిమ్మకాయ చీకుతూ గడప మీద కూర్చునేవాళ్ళం. ఊళ్ళో ఎవరైనా "కొంగలు దిగినయ్యా అమ్మా?" అని అడిగే బదులు "విజిలు తీశారా అమ్మా?" అని అడగడం కూడా అలా అలవాటైపోయింది.

అయితే ఆ మడుగు మాకు నిజంగా దొరికింది వేసవిలో. కొంగలు పోయాక, కాలవలు కట్టేశాక, నీళ్ళు రోజురోజుకీ లోపలికి తగ్గిపోయి, ఏప్రిల్ వచ్చేసరికి మడుగంతా నెర్రెలు విచ్చేది. మా చిన్న పాదాలు చిక్కుకునేంత నెర్రెలు. తుమ్మచెట్ల కింద తెల్లగా ఎండిపోయిన నత్తగుల్లలు గుట్టలుగుట్టలుగా ఉండేవి. గుల్లలు ఏరి వామనగుంటలు ఆడేవాళ్ళం, దండలు గుచ్చేవాళ్ళం, చెవి దగ్గర పెట్టుకుని సముద్రం వినబడుతోందని ఒకళ్ళనొకళ్ళం నమ్మించుకునేవాళ్ళం. తుమ్మ మొదలును గోటితో గిల్లి బంక తీసి నోట్లో వేసుకుంటే పళ్ళకు అతుక్కుపోయి సాయంత్రం దాకా వదిలేది కాదు. మేకలు వచ్చి రాలిన తుమ్మకాయలు గలగలలాడిస్తూ తినేవి. నెర్రెల్లో అక్కడక్కడ బొటనవేలంత తుమ్మ మొక్కలు తల ఎత్తేవి. తాటిముంజలు తిని ఆ చల్లటి నీడలో, ఎండిన మట్టి మీద వెల్లకిలా పడుకుంటే, ఖాళీ గూళ్ళ సందుల్లోంచి ఆకాశం ముక్కలుముక్కలుగా కనబడేది. ఎండిపోయిన మడుగు చచ్చిపోయిన మడుగని మాకు ఎప్పుడూ అనిపించలేదు. అది మధ్యాహ్నం కునుకు తీస్తున్నట్టు ఉండేది.

తొంభైల చివరికొచ్చేసరికి చుట్టూ లోకం మారిపోయింది. వరి పొలాలు ఒక్కొక్కటే చేపల చెరువులయ్యాయి. మా తోటకు మూడు వైపులా చెరువులే. వాటిలో మా పక్క చెరువులు కౌలుకు చేసేది మస్తాన్ గారని, మచిలీపట్నం నుంచి వచ్చి స్థిరపడ్డ ముస్లిం ఆయన. మేము మస్తాన్ మామయ్య అనేవాళ్ళం. చేపల చెరువుల వాళ్ళకు పక్షులంటే పగ. నీటికాకులు చేపపిల్లల్ని మింగేస్తాయని పొద్దస్తమానం బాంబులు పేలుస్తారు. అలాంటిది మస్తాన్ మామయ్య, అత్తయ్య మొహం చూసి, కొంగలున్న నెలల్లో బాంబులు మానేసి చెరువు మీద పాత క్యాసెట్ల టేపులు అడ్డంగా కట్టుకున్నాడు. గాలికి అవి తళతళ మెరుస్తూ గీమంటూ ఉండేవి. "మీ కొంగలు నత్తలే తింటయ్ గాని నా చేపల జోలికి రావు అక్కగారూ, మంచి పిల్లలు" అనేవాడు. రంజాన్‌కి సేమియా గిన్నె మా ఇంటికి వచ్చేది, క్రిస్మస్‌కి అరిసెలూ గులాబీపువ్వులూ వాళ్ళింటికి వెళ్ళేవి.

రెండువేలు దాటాక ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. కృష్ణలో నీళ్ళు లేవన్నారు, కాలవలకు వదల్లేదు. కొంగలకు ఆ సంగతి ఎవరు చెప్తారు? అవి ఎప్పటిలాగే వచ్చి, ఎప్పటిలాగే గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టాయి. మడుగులో నీళ్ళు చీలమండ దాకా కూడా లేవు. అంతకుముందు చుట్టూ నీళ్ళుండబట్టి కుక్కలు, నక్కలు చెట్ల కిందికి రాలేకపోయేవి. ఆ ఏడు దర్జాగా నడిచొచ్చాయి. గూట్లోంచి జారిపడ్డ పిల్లను పడ్డట్టే నోట కరుచుకుపోయేవి. దసరాకు మేము వెళ్ళేసరికి అత్తయ్య పొద్దున్నించి సాయంత్రం దాకా గట్టు మీద కర్ర పట్టుకుని కూర్చుని ఉంది. అన్నం అక్కడికే తెప్పించుకుంటోంది. మనిషి సగమైపోయింది. అదిలించడానికి గట్టిగా అరిస్తే కొంగలు బెదురుతాయని, నోరు తెరవకుండా కర్ర ఊపుకుంటూ కుక్కల వెంట పరుగెత్తేది. నవ్వొచ్చే దృశ్యమే అది, కానీ మాకెవరికీ నవ్వు రాలేదు. ఆ సాయంత్రం కాళ్ళు కడుక్కుంటూ నాన్నతో, "ఇంకెప్పుడూ ఈ మడుగుని ఎండనివ్వనురా. ఒట్టు" అంది.

మాది నీళ్ళ దేశం. మా వాళ్ళకు తెలిసిన వైద్యం ఒకటే. చేను ఎర్రబడితే నీళ్ళు పెట్టు, మనిషి సొమ్మసిల్లితే నీళ్ళు చల్లు, ఇంటికొచ్చిన వాడికి మాట కంటే ముందు నీళ్ళియ్యి, అలిగిన వాడికి చెంబుడు నీళ్ళిస్తే సగం కోపం పోతుంది. నీళ్ళు ఎక్కువై ఏదైనా చెడుతుందంటే మా డెల్టాలో నమ్మే మనిషి పుట్టలేదు. అత్తయ్య మడుగు చుట్టూ గట్టు ఎత్తు చేయించింది. నీళ్ళు బయటికి పోయే తూముకు సిమెంటు పెట్టించి మూసేయించింది. మస్తాన్ మామయ్య సంబరంగా తన ఆయిల్ ఇంజను తెచ్చి మధ్య గట్టు మీద బిగించాడు.

"నీళ్ళదేం ఉందండీ అక్కగారూ, చెరువు నీళ్ళు మార్చినప్పుడల్లా ఎటూ డ్రెయిన్లోకే పోతయ్. మీ మడుగులోకి తోడేస్తా. మండువేసవిలో కూడా నిండుకుండలా ఉంచుతా, మీరు చూడండి!"

అన్నమాట నిలబెట్టుకున్నాడు. ఆ వేసవి మేము వెళ్ళేసరికి మా ఆటస్థలం లేదు. మేలో మడుగు నిండుగా, పచ్చగా, గట్టును ఒరుసుకుంటూ ఉంది. కాస్త బాధేసింది గాని, అత్తయ్య మొహంలో ఆ వెలుగు చూసి సర్దుకున్నాం. ఇక ఆ వానాకాలం ఏం చెప్పమంటారు! ఎన్నడూ రానన్ని కొంగలొచ్చాయి. ఒక్కో తుమ్మ మీద గూడు మీద గూడు. ఎప్పుడూ కొల్లేరు దాటి రాని గూడబాతులు కూడా వచ్చి, ముక్కు కింద సంచులు వేలాడేసుకుని పెద్దమనుషుల్లా నీళ్ళ మీద తిరిగాయి. పేపరు వాళ్ళొచ్చి ఫోటో తీసుకున్నారు. గుడివాడనుంచి ఒక స్కూలు బస్సు పిల్లల్ని తీసుకొచ్చింది. దిగిన పిల్లలందరికీ అత్తయ్య గేటు దగ్గరే నోటి మీద వేలు వేయించి, వరసగా నడిపించింది. క్రిస్మస్ ఆరాధనలో పాస్టరుగారు మా మడుగు కోసం ప్రత్యేకంగా స్తోత్రం చెల్లించారు. అత్తయ్య పెట్టె అడుగునుంచి పట్టుచీర తీసి కట్టుకుంది. ఆవిణ్ణి పట్టుచీరలో చూడటం నాకు అదే మొదలు, అదే ఆఖరు.

మరుసటి వేసవికి తుమ్మల ఆకు కొద్దిగా పసుపు తిరిగింది. ఎండలు ఎక్కువగా ఉన్నాయి కదా అనుకున్నారు. ఎండలు ఎక్కువైతే ఏం చేస్తారు మా వాళ్ళు? ఇంజను ఇంకో రెండు గంటలు ఎక్కువ వేశారు. ఆ ఏడూ కొంగలు వచ్చాయి గాని గూళ్ళు పలచబడ్డాయి. నీళ్ళ వాసన మారింది. ఎప్పటి కొంగల కంపు కాదు, ఏదో మురిగిన దాణా వాసన. నత్తలు తగ్గాయి. బెరడు గిల్లితే బంక రాలేదు, బెరడే చేతిలోకి ఊడొచ్చింది. ఆ పై ఏడు మేము వెళ్ళేసరికి ఆ చెట్లు నిలబడే ఉన్నాయి, నిండా ముళ్ళున్నాయి, ఒక్కదానికి కూడా ఆకు లేదు.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో చేరిన ఏడాది అది. జూన్‌లో కాలేజీ తెరవడానికి ముందు నాన్నతో తోటకు వెళ్ళాను. ఆ ఏడు వానలు ముందుగానే, మంచిగా పడ్డాయి. కాలవల్లో ఎర్రనీళ్ళు పరుగులు పెడుతున్నాయి. అత్తయ్య వంటింటి కిటికీ దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది. ముందే విజిలు తీసి మేకుకు తగిలించేసింది. "వస్తయ్. ఎన్నేళ్ళనుంచి వస్తన్నయ్, రాకపోతే ఎక్కడికి పోతయ్?" అంది. మాతో అన్నట్టూ కాదు, తనలో తను అనుకున్నట్టూ కాదు. వచ్చాయి కూడా. ఒక ఉదయం ఆకాశం మీద గిరికీలు కొట్టుకుంటూ దిగాయి. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది, నొప్పి పుట్టేంత గట్టిగా. కొంగలు మోడు కొమ్మల మీద వాలాయి. ఒకటి పుల్ల తెచ్చింది. ఇంకొకటి తెచ్చింది. రెండోరోజుకు ఒక జంట గూడు అడుగు వేసింది. ఆ బరువుకు ఎండుకొమ్మ ఫెళ్ళుమని విరిగి గూడుతో సహా నీళ్ళలో పడింది. మరో చెట్టు మీద మరోటి. కొంగలు లేచి, చాలాసేపు మడుగు చుట్టూ తిరిగి, మళ్ళీ వాలి, మళ్ళీ లేచాయి. మూడోరోజు పొద్దున చూస్తే ఒక్కటీ లేదు. మళ్ళీ వస్తాయేమోనని ఇంకో వారం చూశాం. రాలేదు.

ఆ వారం గడిచిన రోజు నాన్నా నేనూ వసారాలో కూర్చుని ఉన్నాం. పన్నెండు కూడా కాలేదు. ఉన్నట్టుండి వంటింట్లోంచి కుక్కరు కూత వేసింది. ఆ ఇంట్లో వానాకాలంలో ఆ చప్పుడు వినబడి ఎన్నో ఏళ్ళయింది. నాన్న ఉలిక్కిపడి లేచి లోపలికెళ్ళి కిటికీలోంచి మడుగు వైపు చూశాడు, లేస్తాయేమోనని. అలవాటు మరి. మడుగు మీద ఏమీ కదల్లేదు. రెండో కూత వేసింది, మూడోది వేసింది. అత్తయ్య కంచాలు పెట్టింది. నాన్న కంచం ముందు కూర్చుని, "అక్కా, కొంగలు..." అన్నాడు.

"లేవు. పప్పు తొందరగా ఉడికింది, తిను" అంది.

నాన్న ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోలేక, అలాగే కంచంలో చెయ్యి పెట్టుకుని ఏడ్చాడు. మా నాన్న ఏడవడం నేను చూసింది అప్పుడే. అత్తయ్య మాత్రం ఏడవలేదు. మేకు వైపు చూడకుండా వంటింట్లో తిరగడం నేర్చుకుంది, అంతే.

సాయంత్రం మస్తాన్ మామయ్య వచ్చి, పడిపోబోతున్న ఒక మోడును తాడు కట్టి లాగించాడు. అది వేళ్ళతో సహా ఇట్టే వచ్చేసింది. వేళ్ళు నల్లగా, జిగటగా, చేత్తో నొక్కితే పిండిలా అయిపోతున్నాయి. "కుళ్ళిపోయినయ్ అక్కగారూ" అన్నాడాయన. అత్తయ్య ఆ వేరు చేతిలోకి తీసుకుని, "వేసవిలో ఎండాల్సినదాన్ని ఎండనివ్వలేదు మస్తానూ. దాని నిద్ర దాన్ని పోనివ్వలేదు. నీళ్ళు తాపి తాపి నేనే చంపుకున్నాను" అంది. "అమ్మో, అంతమాటనకండి, ఇంజను నాది కదండీ" అన్నాడు మస్తాన్ మామయ్య. ఆ తప్పును ఒకరి మీదికి ఒకరు తోసుకోలేదు. ఎవరికి వాళ్ళే తమ మీదికి లాక్కున్నారు. అందుకే ఇవాళ్టికీ నాకు తిట్టుకుందామన్నా మనిషి దొరకడు.

అత్తయ్య ఊరికే కూర్చునే మనిషి కాదు. తూముకు పెట్టిన సిమెంటు తనే గడ్డపారతో పగలగొట్టింది. మురిగిన నీళ్ళన్నీ డ్రెయిన్లోకి పోయాక మడుగును ఎండబెట్టింది. పక్క ఊరి తుమ్మకాయలు గోనెలతో తెప్పించి మేకలకు మేపి, ఆ మందను రాత్రుళ్ళు మడుగులో పెట్టించింది. మేక పేడలో పడ్డ తుమ్మగింజ త్వరగా మొలుస్తుందట. మొలిచాయి కూడా. నెర్రెల్లో బొటనవేలంత మొక్కలు, నేను చిన్నప్పుడు చూసినట్టే. "ఇయ్యి పెరిగి కొంగలు వాలేసరికి నేనుండను. నువ్వు చూద్దువుగానిలే పిల్లా" అంది నాతో. నేను డిగ్రీ పూర్తిచేసే నాటికి అవి నా నడుం దాటాయి. ముళ్ళు గీరుకుంటుంటే వాటి మధ్య అత్తయ్య వెనక నడిచాను. ఒక వానాకాలం సాయంత్రం రెండు నత్తగొట్టు కొంగలు వచ్చి గట్టు మీద దిగి, ఆ లేత కొమ్మల్ని తేరిపార చూసి, లేచి వెళ్ళిపోయాయి. ఇల్లు కొనడానికి వచ్చిన వాళ్ళలా చూశాయే అని అత్తయ్య పగలబడి నవ్వింది. ఆవిడ అలా నవ్వడం నేను చివరిసారి చూసింది అప్పుడే. మరుసటి ఏడు జ్వరమని ఆసుపత్రిలో చేరి తిరిగి రాలేదు.

ఆవిడ లేకుండా నాన్న ఆ తోటను ఎంతోకాలం మోయలేకపోయాడు. మూడు వైపులనుంచీ చెరువుల ఊట దిగి వరి చేను చవుడు తేలింది. కొబ్బరి కాపు రాలిపోయింది. చివరికి అందరిలాగే చేపల చెరువుకు కౌలుకిచ్చాడు. మస్తాన్ మామయ్యను అడిగితే, "నా వల్ల కాదండీ తమ్ముడుగారూ, ఆ మొక్కల మీద నేను ప్రొక్లెయిన్ తోలించలేను" అన్నాడట. ఎవరో దూరపు వాళ్ళు తీసుకున్నారు. పొద్దున మొదలుపెట్టిన యంత్రం సాయంత్రానికి మడుగునీ, గట్టునీ, మొండి తాడినీ, ముళ్ళ కంచెనీ, ఆ తుమ్మ మొక్కలన్నిటినీ ఒకే నున్నటి పళ్ళెంలా చేసేసిందట. నేను వెళ్ళలేదు. ఇంకొన్నేళ్ళు ఆగి ఉంటేనా అని మాత్రం ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ మొక్కలకు ఇంకో ఐదారు వేసవులు ఇచ్చి ఉంటే ఆ రెండు కొంగలు మళ్ళీ వచ్చి ఉండేవి. అడగవలసిన సమయంలో ఆగమని నాన్నను అడగలేకపోయాను, ఆయన మాత్రం ఏం చేయగలిగేవాడో తెలియదు. ఆ ఇంటినుంచి నేను తెచ్చుకున్నది మేకుకు వేలాడిన ఆ పాత విజిలొకటే. నా కుక్కరుకు అది పట్టదు. వంటింట్లో ఉప్పు జాడీ పక్కన పెట్టుకున్నాను.

మొన్న మళ్ళీ గుణదల వెళ్ళాల్సి వచ్చి, కావాలనే ఆ నిద్రగన్నేరు కిందినుంచి పోయాను. చెట్టుంది, కొమ్మలు లేవు. మొదలు చుట్టూ రోడ్డు శుభ్రంగా కడిగినట్టుంది. బోండాల ఆవిడ నన్ను గుర్తుపట్టి, "చూశారా అండీ, ఇప్పుడు ఎంత హాయిగా ఉందో! కంపు పోయింది, బేరాలు కూడా పెరిగినయ్" అంది. ఆవిడ బతుకు ఆవిడది, నేనేమంటాను? బోండాం తాగి, డబ్బులిచ్చి వచ్చేశాను.

ఇంటికొచ్చి పప్పు పొయ్యి మీద పెట్టాను. మధ్యాహ్నమయ్యేసరికి మా అపార్టుమెంటులో కింది ఫ్లాటులో ఒక కుక్కరు కూసింది, పై ఫ్లాటులో ఇంకోటి, పక్కవాళ్ళది, ఎదుటివాళ్ళది, చివరికి నాది. ప్రతి కూతకీ ఇప్పటికీ నా కళ్ళు కిటికీ వైపు పోతాయి. ఎన్ని కూతలు వేసినా, ఎక్కడా ఒక్క రెక్క చప్పుడు లేదు.